ముత్యాలధారకు వెళ్లాలంటే ముందు వాగుల లెక్క చూసుకోండి

జూలై చివరి వారాంతంలో మీరు ఐదుగురు ఫ్రెండ్స్ కలిసి ములుగు జిల్లాలోని ముత్యాలధార జలపాతానికి వెళ్దామనుకుంటున్నారు. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో కారెక్కి, శనివారం జలపాతం చూసి, ఆదివారం రాత్రికల్లా ఇంట్లో ఉండాలి. మ్యాప్‌లో పాయింట్ కనిపిస్తోంది కాబట్టి గైడ్ దండగ అని మీలో ఒకరు అంటున్నారు. అది నిజమేనా, ఏమేం పట్టుకెళ్లాలి, డ్రోన్ తీసుకెళ్లొచ్చా అని అడిగారు.

ఏం పట్టుకెళ్లాలన్నది చిన్న విషయం, తర్వాత చెప్తాను. అంతకంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి. మిమ్మల్ని లోపలికి వెళ్లనిస్తారా? వెళ్లనిచ్చినా, అదే రోజు తిరిగి రాగలరా?

మొదటిది సూటిగా చెప్తాను. ముత్యాలధార అదే జిల్లాలోని బొగత జలపాతం లాంటిది కాదు. బొగతకు టికెట్ ఉంది, మెట్లున్నాయి, కాపలా సిబ్బంది ఉన్నారు. ముత్యాలధార రిజర్వు ఫారెస్టులో, వీరభద్రవరం ఊరి నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు అడవిలో నడిస్తే వస్తుంది. వానాకాలంలో ఇలాంటి చోట్లకు అధికారులు రాకపోకలు ఆపేస్తుంటారు. ఆ ఆంక్షలు ఎప్పుడు పెడతారో, ఎప్పుడు ఎత్తేస్తారో ఏడాదికో తీరుగా ఉంటుంది. కాబట్టి పోయినేడాది వీడియో చూసి బయల్దేరొద్దు. బయల్దేరే ముందురోజు వెంకటాపురం పోలీస్ స్టేషన్‌కో, అటవీ శాఖ ఆఫీసుకో ఫోన్ చేసి అడగండి. వద్దంటే వద్దనే. అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులోకి వెళ్లడం అటవీ చట్టం కింద నేరం, కేసు పెట్టగలరు.

ఇక్కడే ఇంకో సంగతి. ములుగు జిల్లాలో వెంకటాపురాలు రెండు, రెండూ మండల కేంద్రాలే. ఒకటి రామప్ప గుడికి దగ్గరగా గోదావరికి ఇవతల ఉంది. మీకు కావాల్సింది గోదావరి దాటాక వాజేడు పక్క మండలం, నూగూరు వెంకటాపురం. మ్యాప్‌లో ఉత్త వెంకటాపురం అని కొట్టి మొదటి దాని మీద నొక్కితే రామప్ప చెరువు చూసుకుని తిరిగి రావాల్సి వస్తుంది. ఫోన్ నంబర్ వెతికేటప్పుడు కూడా ఇదే చూసుకోండి. రామప్ప వైపు స్టేషన్‌కి ఫోన్ చేస్తే వాళ్లకు మీ జలపాతం సంగతి ఏం తెలుస్తుంది?

చెక్‌పోస్టు దగ్గర ఆపుతారని పక్క పొలాల్లోంచి, కాలిబాటల్లోంచి దూరి వెళ్లేవాళ్లు ఉన్నారు. మామూలు అడవిలో అయితే దారి తప్పుతారని చెప్పి ఊరుకునేవాణ్ణి. ఈ అడవి వేరు. జలపాతం ఉన్న గుట్టల వెనకే ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా. ఆ సరిహద్దులోనే ఉన్న కర్రెగుట్టల మీద మందుపాతరలు పెట్టామని, జనం అటు రావొద్దని 2025 ఏప్రిల్‌లో మావోయిస్టులే లేఖ వదిలారు. ఆ ఏప్రిల్ 21 నుంచి మే 11 దాకా బలగాలు గుట్టల్ని జల్లెడ పట్టి 450 ఐఈడీలు (మందుపాతరల్లాంటి నాటుబాంబులు) బయటికి తీశామని ప్రకటించాయి. అంతకు ముందు ఏడాది పక్కనే వాజేడు మండలంలో కట్టెలకని అడవికి పోయిన మనిషి మందుపాతర పేలి చనిపోయాడు. ఆ అడవి తెలిసిన మనిషికే అలా జరిగింది. అన్నీ తీసేసి ఉంటారని మీరు అనుకోవచ్చు, నేను మాత్రం ఆ నమ్మకంతో దారి వదిలి అడుగు వెయ్యను. ఊరివాళ్లు రోజూ నడిచే బాట మీదే, ఊరి మనిషి వెనకాలే నడవాలి. గైడ్ దండగ అన్న మీ ఫ్రెండ్‌కి ఇదే జవాబు. మ్యాప్‌లో ఆ చుక్క ఎక్కడుందో కనిపిస్తుంది గానీ, ఏ బాట వాడుకలో ఉందో, ఏది నాలుగేళ్ల కిందట వదిలేసిందో కనిపించదు.

రెండో విషయానికొస్తాను. 2023 జూలై 26న ముత్యాలధార చూడ్డానికి వెళ్లిన 80 మంది దాకా టూరిస్టులు జలపాతం చూసుకుని తిరిగొచ్చేసరికి దారిలో వాగు పొంగిపోయి ఉంది. అవతలి ఒడ్డునే చీకటి పడింది. వాళ్లలో ఎవరో డయల్ 100కి ఫోన్ చేయగలిగారు కాబట్టి సంగతి బయటికొచ్చింది. ఎన్డీఆర్ఎఫ్ బృందాలు రాత్రిపూట అడవిలోకి వెళ్లి, తెల్లవారేలోపు వాళ్లని వాగు దాటించి తెచ్చాయి. ఆ 24 గంటల్లో అదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక్కరోజులో అంత వాన అంతకు ముందెప్పుడూ నమోదు కాలేదు. అదే వానకు ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ఊరి మీద పడి ఎనిమిది మంది చనిపోయారు. అంతకు ముందు రికార్డు ఎక్కడిదో తెలుసా? 2013 జూలై 19న 517.5 మిల్లీమీటర్లు, వాజేడులో. అంటే మీరు వెళ్దామనుకుంటున్న ఈ మూల, మీరనుకుంటున్న ఈ జూలై రెండో సగం, రాష్ట్రంలో అతి పెద్ద వానలకు పేరుబడ్డవి. తేదీ ఎంచుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఆ 80 మందికి జలపాతం దగ్గర ఏమీ కాలేదు, చూడండి. అందరూ జలపాతం దగ్గర జారుతామేమో, గుండంలో మునుగుతామేమో అని భయపడతారు. అదీ నిజమే, కానీ అక్కడ జాగ్రత్త మన చేతిలో ఉంటుంది. ఒడ్డున నిలబడి చూస్తే ఏం కాదు. దారిలో వాగు అలా కాదు. పొద్దున చీలమండ దాకా ఉన్న నీళ్లు సాయంత్రానికి నడుము దాకా వస్తే, ఇల్లు చేరడానికి ఇంకో దారి లేదు. పైగా మీ నెత్తిన చుక్క వాన పడనక్కర్లేదు. ఆ వాగులకు నీళ్లు పై గుట్టల్లోంచి, ఛత్తీస్‌గఢ్ వైపు అడవుల్లోంచి దిగుతాయి. అక్కడ పన్నెండింటికి కురిసిన వాన ఇక్కడ ఎండ కాస్తుండగా మూడింటికి వచ్చి మీద పడొచ్చు. బొగతకు కూడా వరద అలాగే వస్తుంది. అందుకే వాతావరణ శాఖ హెచ్చరికల్లో ములుగు ఒక్కటే చూస్తే సరిపోదు, బీజాపూర్ జిల్లాకు ఏ రంగు ఇచ్చారో కూడా చూడాలి. రెండింటిలో ఏ ఒక్కదానికి ఆరెంజ్ అలర్ట్ ఉన్నా నేనైతే బయల్దేరను. రెండు రోజులుగా వాన దంచికొట్టి ఆ రోజే తెరిపిచ్చినా బయల్దేరను, ఎందుకంటే నేల అప్పటికే తాగాల్సినంత తాగేసి ఉంటుంది, ఇక పడ్డ ప్రతి చుక్కా వాగులోకే.

ఆ వైపు అడవిలో ఒకసారి మాతో వచ్చిన కోయ పెద్దాయన పొద్దున వాగు దాటగానే ఒక పని చేశాడు. పుల్ల ఒకటి విరిచి, నీటి అంచున బురదలో గుచ్చాడు. దాని పక్కనే, జానెడు పైన ఒడ్డు మీద ఇంకోటి గుచ్చాడు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మధ్యాహ్నం అన్నాలు తింటుంటే వాగు దాకా పోయి వచ్చి, ఇక లేవండి అన్నాడు. మాకు ఏ తేడా తెలియలేదు, ఆకాశం తేటగానే ఉంది. వాగు దగ్గరికొచ్చి చూస్తే కింద పుల్ల మునిగిపోయి కొస మాత్రం ఆడుతోంది, పైది ఇంకా పొడిగానే ఉంది. నీళ్లు కాస్త ఎర్రబారి, ఎండుటాకులు, చిన్న చిన్న కొమ్మలు తెస్తున్నాయి. మోకాలి కిందే కాబట్టి దాటేశాం. ఇంకో గంట కూర్చుని ఉంటే రెండో పుల్ల కూడా మునిగేదని ఆయన లెక్క. గైడ్‌కి ఇచ్చే డబ్బులు దారి చూపించినందుకు మాత్రమే అనుకోకండి.

మీరు కూడా అలాగే చేయండి. ప్రతి వాగు దాటగానే గుర్తు పెట్టుకోండి, ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. తేట నీళ్లు ఎర్రబడటం, చెత్త రావడం, చప్పుడు బరువెక్కడం, రాళ్లు దొర్లుతున్నట్టు అడుగు నుంచి గుడగుడ వినిపించడం, వీటిలో ఏ ఒక్కటి తోచినా ఉన్నచోట నుంచి వెనక్కి తిరగాలి. జలపాతం ఇంకో అర కిలోమీటరే ఉందన్నా సరే. గుంపుల్లో గొడవలన్నీ ఈ అర కిలోమీటరు దగ్గరే వస్తాయి. ఇంతదూరం వచ్చాం కదా అనేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. అందుకని ముందే, కారులో ఉండగానే, మధ్యాహ్నం 12 గంటలకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి అని ఐదుగురూ మాటనుకోండి. వీరభద్రవరంలో పొద్దున ఏడింటికల్లా నడక మొదలుపెడితే మామూలు నడకతో కూడా ఇది సరిపోతుంది. తొమ్మిదిన్నరకు మొదలుపెట్టే పనైతే ఆ రోజుకు మానుకోండి.

వాగు దాటేటప్పుడు నీళ్లు మోకాలు దాటి ఉరుకుతుంటే దిగొద్దు, అంతే. నీటి వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగు రెట్లవుతుంది, అందుకే ఈత వచ్చినవాళ్లు కూడా కొట్టుకుపోతారు. ఇంకో ప్రమాదం రాళ్ల సందులో పాదం ఇరుక్కోవడం. అలా ఇరుక్కున్న మనిషిని వెనక నుంచి నీళ్లు ముందుకు తోసేస్తే నడుములోతులో కూడా తల పైకెత్తలేడు. మోకాలి లోపు ఉంటే కర్రను ఎగువ వైపు ఆనించి, ఎగువకు ముఖం పెట్టి, పక్కకు అడుగులేస్తూ దాటాలి. బ్యాగు బెల్టులు విప్పి ఉంచాలి, పడితే బ్యాగు వదిలేయడానికి. చెప్పులు విప్పి దాటొద్దు. తాడు నడుముకు కట్టుకుని దాటడం అసలే వద్దు. కాలు జారితే నీటి ఒత్తిడికి అదే తాడు మనిషిని అడుక్కి లాగి పట్టేస్తుంది.

ఒకవేళ అవతలే ఇరుక్కుపోతే? కూర్చోండి. ఇలాంటి చిన్న వాగులు ఎంత తొందరగా పొంగుతాయో, వాన ఆగితే అంత తొందరగానే దిగుతాయి. ఒక రాత్రి తడిగా, ఆకలిగా గడిపినందుకు ఎవరూ చావరు. వాగు ఒడ్డుకు దూరంగా, ఎత్తు మీదకు పోయి కూర్చోవాలి. ఎండిన చెట్ల కింద వద్దు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో గాలివానకు వేల చెట్లు కూకటివేళ్లతో పడిపోయాయి, ఆ పక్కల చెట్ల వేళ్లు పైపైనే ఉంటాయన్నమాట. ఐదు ఫోన్లలో నాలుగు స్విచ్చాఫ్ చేసి ఒక్కటే వాడండి. ఊరి దగ్గర ఆఖరిసారి ఎక్కడ సిగ్నల్ వచ్చిందో చూసి పెట్టుకోండి. వెళ్లే ముందు ఊళ్లో ఒకరికి, ఇంట్లో ఒకరికి ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పి, ఆ టైముకు ఫోన్ రాకపోతే 100కి చెయ్యమనండి.

జలపాతం దగ్గర చెప్పడానికి పెద్దగా లేదు. ఎత్తు ఏడు వందల అడుగులని అంటుంటారు, సరిగ్గా ఎంతైనా అంత పైనుంచి నీళ్లతోపాటు రాయి ముక్క పడితే పుర్రె నిలవదు. అందుకని ధార కిందికి పోయి తల పెట్టకండి, తుంపరలు పడేంత దూరంలో ఉండండి, అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది కూడా. అంత ఎత్తు నుంచి దిగే నీళ్లు మధ్యలోనే చెదిరి, గాలి వచ్చినప్పుడల్లా పక్కకు వాలుతాయి, ఆ పేరు ఎందుకొచ్చిందో అప్పుడు తెలుస్తుంది. పాకుడు పట్టిన రాళ్ల మీద సెల్ఫీలు వద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. కొండ గోడలకు పెద్ద తేనెపట్టులు ఉంటాయి, కాబట్టి సిగరెట్లు, పొగ, పటాకులు వద్దు. మందు సీసాలు మోసుకొచ్చే బ్యాచ్ అయితే దయచేసి రాకండి, వాళ్ల గాజుపెంకులు గుచ్చుకునేది అడవికి ఉత్త కాళ్లతో పోయే గూడెం పిల్లలకి.

గైడ్‌ని ఊళ్లోనే అడగండి. పైపైన బేరాలు ఆడొద్దు, నాట్ల టైములో మీతో వస్తే ఆయనకు ఒకరోజు కూలి పోయినట్టే, దానికి తగ్గట్టు ముందే మాట్లాడుకుని ఇవ్వండి, అన్నం మీతో పాటే కట్టించుకోండి. ఆయన ఈరోజు వద్దంటే మాత్రం ఇంకొకర్ని వెతక్కండి. డబ్బులు వదులుకుని మరీ వద్దన్నాడంటే ఆ మాటకు విలువ ఉంది.

సామాను సంగతి. మంచి పట్టున్న బూట్లు (తడిసినా ఊడిరానివి), పొడుగు ప్యాంటు, చేతికర్ర, టార్చి, విజిల్, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఒక పూటకు సరిపోయే తిండి అదనంగా, ఫోన్లకు ప్లాస్టిక్ కవర్లు. జీన్స్ వద్దు, తడిస్తే కాళ్లకు అతుక్కుని నడవనివ్వదు. దోమల మందు మరిచిపోవద్దు, ఏజెన్సీలో వానాకాలం అంటే మలేరియా కాలమే. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకు తప్పక చెప్పండి. పాము కరిస్తే నాటు వైద్యాలు, గాట్లు పెట్టడాలు వద్దు, కాలు కదపకుండా మోసుకుని ఆస్పత్రికే.

రోడ్డు గురించి ఎవరూ అడగరు గానీ వానాకాలంలో సగం ట్రిప్పులు అక్కడే చెడతాయి. వరంగల్, ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం, ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి వాజేడు వైపు, అక్కడి నుంచి వెంకటాపురం. తాడ్వాయి నుంచి ఏటూరునాగారం దాకా అభయారణ్యం. రాత్రంతా డ్రైవ్ చేసి, నిద్ర లేకుండా పదహారు కిలోమీటర్లు నడవడం అనే మీ ప్లాన్ నాకు నచ్చలేదు. శుక్రవారం మధ్యాహ్నమే బయల్దేరి తాడ్వాయిలోనో ఏటూరునాగారంలోనో పడుకుని తెల్లవారుజామున కదలండి. పెట్రోల్ అక్కడే ఫుల్ చేయించండి. గోదావరి పెరిగితే వాజేడు మండలంలో చిన్న వాగుల్లోకి నీళ్లు ఎదురుతన్ని వంతెనలు మునుగుతాయి, టేకులగూడెం దగ్గర జాతీయ రహదారే మునుగుతుంది. భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు ఇస్తారు. ఆ వార్త టీవీలో కనిపించిందంటే గోదావరికి అవతల కారు పెట్టుకుని ఉండకండి. వెంకటాపురం నుంచి చర్ల మీదుగా భద్రాచలం పోయే దారి ఉంది గానీ ఇసుక లారీలు దాన్ని దున్నేసి పెట్టాయి, చిన్న కారుతో కష్టం.

ఇంత చెప్పాక నా సలహా ఏమిటంటే, జూలైలో సెలవు పెట్టేశారు కాబట్టి బొగత చూసి రండి. వాజేడు మండలం చీకుపల్లి దగ్గర ఉంది, కారు దాదాపు దగ్గరిదాకా పోతుంది, నిండు వానల్లో దాని వెడల్పు చూస్తే తెలంగాణ నయాగరా అని ఎందుకంటారో అర్థమవుతుంది. నీళ్లు ఎక్కువున్నప్పుడు అక్కడా దిగనివ్వరు, సిబ్బందితో వాదించకండి. మర్నాడు రామప్ప, లక్నవరం చూసుకుని నింపాదిగా ఇల్లు చేరొచ్చు. ముత్యాలధారకు దసరా సెలవుల్లో రండి, అనుమతి ఉంటేనే. అప్పటికి ధార కాస్త సన్నబడుతుంది, వీడియోలో చూసినంత జోరు ఉండదు, ఆ మాట నిజమే. కానీ వాగులు దిగి ఉంటాయి, బాట ఆరి ఉంటుంది. ఇంకా ఆలస్యం చేసి డిసెంబరులో వెళ్తే మాత్రం నడకే మిగులుతుంది.

డ్రోన్ ఇంట్లో పెట్టి రండి. రెండు రాష్ట్రాల సరిహద్దు, బలగాలు తిరిగే చోటు. అక్కడ గాల్లో ఏదైనా ఎగిరితే అది పెళ్లి వీడియో అని ఎవరూ అనుకోరు, డ్రోన్‌తో పాటు మీ శనివారం కూడా స్టేషన్‌లోనే ఉండిపోతుంది.